గబ్బిలాల కోసం వెళ్ళి పట్టుపురుగుల దగ్గర దొరికిపోయాను

పీహెచ్‌డీ అయ్యాక నేను చేస్తున్న పరిశోధన గబ్బిలాల మీద. ఒంట్లో వైరస్‌లున్నా అవి జబ్బు పడకుండా ఎలా తిరుగుతాయి, వాటి జన్యువుల్లో ఏముంది అన్నది నా ప్రశ్న. దానికి కావలసింది వాటి రెట్టలు; జన్యు పదార్థం వాటిలో దొరుకుతుంది. బాగేపల్లి వైపు మిట్టేమరి అనే ఊరి దగ్గర ఒక చింతచెట్టు నిండా గబ్బిలాలున్నాయని తెలిసి మొన్న ఆదివారం బయలుదేరాను. చిక్కబళ్ళాపురలో ఆరింటి బస్సు ఎక్కితే గంటా గంటంబావులో బాగేపల్లి; కర్ణాటక ఆధార్ ఉన్న ఆడవాళ్ళకు ఆర్డినరీ బస్సులో ప్రయాణం ఉచితం. అక్కడి నుంచి మిట్టేమరికి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. నా పని సంగతి విని డ్రైవరు, "రెట్ట కోసరం ఇంత దూరం వచ్చినారామ్మా? మా ఇంటి మీద పడేది ఊరికే ఇస్తా, తీసుకోపోండి," అన్నాడు.

చెట్టు ఒక పట్టుపురుగుల షెడ్డు వెనక ఉంది. షెడ్డు యజమానురాలు నరసమ్మ మల్బరీ ఆకు మోసుకొస్తూ, కిటికీలోంచి తొంగి చూస్తున్న నన్ను పట్టుకుంది.

"ఏం పూసుకోనుండావమ్మా?"

దోమల క్రీము. మోచేతుల దాకా దట్టించాను.

"తల్లీ, ఆ వాసనకే పురుగులు చస్తాయి. రేపో ఎల్లుండో గూడు కట్టేవి. నెల కష్టం," అంది. ఆమె మొహం పాలిపోయింది. రోగాల మీద పరిశోధన చేసేదాన్ని, నేనే విషం పూసుకుని వచ్చాను.

ఆమె తిట్టలేదు. బోరు దగ్గరికి తీసుకెళ్ళి సబ్బు చేతిలో పెట్టింది. స్నానం అయ్యాక తన పూల నైటీ ఇచ్చింది. అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. దాని మీదే మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, షెడ్డుకు దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళి రెట్టలు పడేందుకు చెట్టు కింద ప్లాస్టిక్ పట్టా పరిచాను. గబ్బిలాలు ఏ లోటూ చెయ్యలేదు. నా ధ్యాసంతా మాత్రం షెడ్డు మీదే ఉంది.

పదకొండింటికి ఆమె తాజా ఆకు వేసి బయటికొచ్చింది. ఇద్దరం దూరంగా నిలబడి చెవులు రిక్కించాం. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత సన్నగా కరకర మొదలైంది.

"మేస్తాండాయి," అంది నా చెయ్యి పట్టుకుని. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె నా నైటీ చూసి పడీపడీ నవ్వింది.

రాగి సంగటి వడ్డిస్తూ నా పని గురించి అడిగింది. చెప్పాను. "అయితే రోగం లోపలుండినా గబ్బిలాలు చావవా? అదేందో కనుక్కున్నప్పుడు మా పురుగుల గురించి కూడా రవ్వంత చూడమ్మా. ఒకదానికి రోగమొస్తే షెడ్డంతా పోతాది."

ఇన్నాళ్ళూ గబ్బిలాల్లోని వైరస్ ఎవరికి అంటుతుందోనన్న భయం చుట్టూనే ఆలోచించాను. వాటి ఆరోగ్యాన్ని చూసి ఆశపడే మనిషి ఎదురవడం ఇదే మొదటిసారి. మీరూ ఈ వైపు వస్తే దోమల క్రీము, సెంటు మానేసి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పట్టుపురుగుల షెడ్డు కనబడితే దూరం నుంచే పిలవండి. పురుగుల సంగతి కూడా చూస్తానని నరసమ్మకు మాట ఇచ్చి వచ్చాను.