పోలమ్మ చీటీ మీద నేను రాసిన రిపీట్లు

1979లో నేను మొగల్తూరుకి అవతల, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. ఊరి పేరు చెప్పను. చెబితే గుర్తుపట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాగితం మీద నా ఉద్యోగం ఫార్మసిస్టు, జనం నోట మాత్రం కాంపౌండరు. ఒక డాక్టరు గారు, ఒక నర్సమ్మ, మందులిచ్చే కిటికీ వెనక నేను. చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ మేమే దిక్కు.

మాది నరసాపురంలో కిరాణా కొట్టు. కోమటి బిడ్డ సర్కారు మందులు ఊరికే పంచుతున్నాడని మా నాన్న చివరిదాకా నామోషీ పడ్డాడు. ఆయన బెంగ అనవసరం. నేను కొట్టు వదిలి ఆసుపత్రికి పోలేదు, కొట్టునే ఆసుపత్రిలోకి తెచ్చాను. బేరానికి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు, నిలవున్న సరుకు ముందు కదలాలి. ఈ రెండూ నాకు ఉగ్గుపాలతో పట్టినవి. మూడు నెలలకోసారి జిల్లా స్టోరుకి ఇండెంటు పెట్టేవాళ్ళం, అంటే కావలసిన మందుల జాబితా. నేను రెట్టింపు రాసి సగం తెచ్చుకునేవాణ్ణి. అలా బేరమాడి గెలిచానని సంబరపడేవాణ్ణి. పెన్సిలిన్ అడిగితే స్టోరువాళ్ళు మొహం చాటేసేవారు. ఫినోబార్బిటోన్ మాత్రం అడగకపోయినా డబ్బాలకి డబ్బాలు అంటగట్టేవారు. అది నిద్రమాత్ర. ఆ రోజుల్లో మూర్ఛకీ అదే, గుండెదడకీ అదే, బెంగకీ అదే.

ఇంకొక పద్ధతి కూడా చెప్పాలి. ఓపీలో, అంటే ఉదయం పూట వచ్చిపోయే రోగుల వరసలో, నూరు మందికి తక్కువ ఉండేవారు కాదు. కొత్త జబ్బయితే డాక్టరు గారి గదికి. పాత జబ్బయితే చీటీ నేరుగా నా కిటికీకి. నేను దాని కింద ‘రిపీట్’ అని రాసి, తేదీ వేసి, పాత మందులే మళ్ళీ ఇచ్చేవాణ్ణి. రూలు ప్రకారం ఆ ముక్క రాయవలసింది డాక్టరు. ఆయనే రాస్తూ కూర్చుంటే సాయంత్రానికి గాని వరస తెమలదు. అందుకని నేను రాసేవాణ్ణి, ఆయన తరవాత ఎప్పుడో సంతకాలు పెట్టేవారు. ఎవరికీ ఇబ్బంది లేని ఏర్పాటనుకున్నాం.

పోలమ్మ ఆ ఏడు వానాకాలంలో వచ్చింది. చేపలు పట్టే కుటుంబం. యాభై దాటి ఉంటాయి. తెల్లారేసరికి తట్ట నెత్తిన పెట్టుకుని కాలవ దాటి, పై ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. ఎవరింట్లో చందువా తింటారు, ఎవరికి శనివారం నియమం, ఏ ఇంట్లో బాలింతకి పత్యం, అన్నీ ఆమెకి నోటికి వచ్చు. ఆ తట్ట మీదే ఆమె ఇల్లు నడిచేది. మొగుడు ఆ ఏడే సముద్రంలో పోయాడు. డాక్టరు గారితో ఆమె నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పింది. ఆయన ఎందుకని అడగలేదు, రాత్రికొక ఫినోబార్బిటోన్ రాశారు. ఆ ఎందుకు అన్నది నా కిటికీ దగ్గర, నేను అడక్కుండానే, తనే చెప్పింది.

“ఆయన పోయిన కాణ్ణించి చాపమీద సగమే పడుకుంటున్నానండి. రెండో సగం మీదికి ఒళ్ళు పోదండి.”

ఆ మాటకి నేనిచ్చిన జవాబు పదిహేను మాత్రల పొట్లం.

మళ్ళీ వచ్చినప్పుడు బేరం మొదలుపెట్టింది. అంత దూరం నడిచి రాలేనని, నెలకి సరిపడా ఇమ్మని. నేను ఇరవై అన్నాను, ఆమె ముప్ఫై అంది, పాతిక దగ్గర తెగింది.

“చేపలు తినే కాంపౌండరైతే నాలుగు రొయ్యలు పడేసి పని జరిపించుకునేదాన్నండి. మీతో ఏంటండి, నోరు నొప్పెట్టేలా వాగాలి” అంది.

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వి ఇంకో అయిదు వేశాను. నాకు దీటైన బేరగత్తె దొరికిందని ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను. ఆ తరవాత నాలుగేళ్ళపాటు ఆమె చీటీ డాక్టరు గది గుమ్మం తొక్కలేదు. రిపీట్, రిపీట్, రిపీట్. కాగితం చిరిగిపోతే కొత్త చీటీ మీదకి నేనే ఎత్తి రాశాను.

మూడో ఏట ఆమె బేరం మానేసింది. నేను ఎన్నిస్తే అన్ని తీసుకుని పోయేది. మాట కొంచెం ముద్దగా వచ్చేది. అలిసిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే గెలిచాననుకున్నాను.

నాలుగో ఏట ఆమె కూతురు సత్యవతి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి అప్పుడే చేపలిచ్చిన ఇంటికే మళ్ళీ వెళ్ళి చేపలు కావాలా అని అడుగుతోందట. తెలిసిన సందులో నిలబడిపోయి దారి అడుగుతోందట. ఒక వైష్ణవుల ఇంటి అరుగు మీద తట్ట దింపితే వాళ్ళు గోల గోల చేశారట. రాత్రులు లేచి తూలుతూ తిరుగుతోందట. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పోలమ్మని ఏ నెలో చెప్పమన్నారు. చెప్పలేకపోయింది. వయసు మీద పడుతోందన్నారు. మందులేమైనా వాడుతున్నావా అని ఆయన అడగలేదు. పక్కనే నిలబడ్డ నేను చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పవలసిన సంగతని తట్టలేదు. నిద్రమాత్ర మాకు ఉప్పులాంటిది, కూరలో ఏం వేశావంటే ఉప్పు వేశానని ఎవరు చెబుతారు? చివరికి ఆయన, కావాలంటే విశాఖపట్నం రాసిస్తానన్నారు.

బయటికొచ్చాక సత్యవతి నా కిటికీ పట్టుకుంది.

“విశాఖంటే పిచ్చాసుపత్రే కదండి. అక్కడికెళ్ళొచ్చిందని తెలిస్తే ఏ ఇల్లాలు గుమ్మంలో తట్ట దింపనిస్తాదండి? మా అమ్మకి తిరుగుడు పోతే మనిషి పోయినట్టే. ఇక్కడే ఏదోటి చూడండి బాబూ.”

ఆ మాట నాలో కొట్టువాణ్ణి లేపింది. దూరం పోనక్కర్లేదు, మూడు నెలలు ఇక్కడే చూద్దామన్నాను. బలానికి బీ కాంప్లెక్స్ ఇచ్చాను. రాత్రులు తిరగకుండా ఉండటానికి, ఎవరినీ అడక్కుండా, ఒక నిద్రమాత్రని రెండు చేశాను. సత్యవతి దణ్ణం పెట్టి వెళ్ళింది.

రెండు నెలలకి పోలమ్మ కాలవ మీద తాటిపట్టె వంతెన దాటుతూ తట్టతో సహా పడిపోయింది. తొడ ఎముక విరిగింది. జిల్లా ఆసుపత్రిలో వేశారు. అక్కడ ఒక కుర్ర డాక్టరు, ఇంకా చదువు పూర్తికాని హౌస్ సర్జను, ఇంటి దగ్గర ఈవిడ ఏం మింగుతోందని సత్యవతిని అడిగాడట. ఆమె చీటీ చూపించింది. ఆ నిద్రమాత్రలవల్లే మతి పోయిందని, ఒక్కసారిగా ఆపితే మూర్ఛ వస్తుందని, కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించాడట. నెలన్నర తిరిగేసరికి పోలమ్మ పక్క మంచాలవాళ్ళకి ఏ చేప ఎలా వండాలో చెబుతూ కూర్చుందట.

మతి తిరిగొచ్చింది. కాలు రాలేదు. ఎముక వంకరగా అతుక్కుంది. ఇంట్లో నాలుగడుగులు వెయ్యగలదు, ఊళ్ళు తిరగలేదు. తట్ట సత్యవతి ఎత్తుకుంది.

ఇదంతా సత్యవతి ఆ చీటీ తెచ్చి నా ముందు పెడితే తెలిసింది. నా రిపీట్ల మీద ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత. చీటీ పట్టుకెళ్ళి డాక్టరు గారికి చూపించాను. “అన్ని సెంటర్లలోనూ జరిగేదేనయ్యా. మనమొక్కళ్ళమే చేశామా?” అన్నారు. కొన్నాళ్ళకి ఆయనకి ప్రమోషను వచ్చింది. మంచివాడే. నా మీదా ఏ విచారణా జరగలేదు. జరగడానికి ఎవరికైనా తెలియాలి కదా.

ఆ తరవాత కిటికీ దగ్గర ప్రతి పాత చీటీకీ మూడు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాను: ఏం మింగుతున్నావు, ఎన్నాళ్ళనుంచి, మొదట ఎందుకు మొదలైంది. అనుమానం వస్తే డాక్టరు గదికి తోసేవాణ్ణి. వరస పెరిగింది, జనం తిట్టారు. రోగుల్ని అనవసరంగా ప్రశ్నిస్తున్నానని పైనుంచి ఒక మెమో కూడా వచ్చింది, అంటే సంజాయిషీ అడిగే కాగితం. నాలుగేళ్ళు ఏమీ అడగనందుకు మాత్రం ఎవరూ మెమో ఇవ్వలేదు.

ఏడాది పోయాక ధైర్యం కూడదీసుకుని పోలమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ళు ఏరుతోంది. పీట వేయించింది, మజ్జిగ ఇప్పించింది, మా పిల్లల్ని పేరుపేరునా అడిగింది. ఒక్క పేరూ తప్పలేదు. అప్పుడు చెప్పాను. మతి పోయింది వయసువల్ల కాదని, నేనిచ్చిన మాత్రలవల్లనని, చివర్లో రెట్టింపు చేసింది కూడా నేనేనని. సత్యవతి ఆమెకి ఆ సంగతి చెప్పలేదని నాకప్పటిదాకా తెలీదు.

పోలమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

“దేవుడు చేశాడనుకున్నానండి” అంది. “ఆయన్ని నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇప్పుడు మీరు చేశారంటున్నారు. మిమ్మల్నేం చెయ్యనండి? ఇది నాకెందుకు చెప్పారు?”

మజ్జిగ తాగి లేచాను. ఆమె ఏరుడు మొదలుపెట్టింది.

మతిమరుపని ఎవరైనా వస్తే ముందు మనమిచ్చిన మందులు చూసుకోవాలి. ఇది ఆ కేసు నేర్పిందని కొత్తగా చేరిన ఫార్మసిస్టులకి చెబుతూ వచ్చాను. వాళ్ళకి చెప్పనిది ఒకటుంది. పోలమ్మకి నేను నిజం చెప్పింది ఆమె కోసం కాదు, నా గుండె బరువు దించుకోవడానికి. దాన్ని తీసుకెళ్ళి ఆమె గుమ్మంలో దింపి వచ్చాను. చెప్పవలసిన చోటు ఆసుపత్రి రిజిస్టరు. అక్కడ పోలమ్మ పేరు ఎదురుగా జబ్బు అనే గడిలో ‘జనరల్ డెబిలిటీ’ అని, అంటే ఒంట్లో నీరసమని, నా చేతిరాతే ఉంది. దిద్దడానికి నాకు పదేళ్ళపాటు అవకాశం దొరికింది. దిద్దితే ఉద్యోగం పోతుందని దిద్దలేదు. ఇప్పుడు పింఛను వస్తోంది కాబట్టి రాస్తున్నాను.