గుడివాడలో గాలి లేని సాయంత్రం

మా కెప్టెన్ పోయాడు. పోయిన మంగళవారం పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "నాన్నగారు ఇక లేరండీ. మూడింటికి చర్చిలో ప్రార్థన, తర్వాత సమాధి" అని చెప్పింది. బందరులో బస్సెక్కి, అవనిగడ్డలో మారి, కోడూరు దాటి వాళ్ళ ఊరు చేరేసరికి రెండున్నరైంది. దారంతా ఈ కబురు ఇంకెవరికి చెప్పాలా అని ఫోన్‌లో నెంబర్లు వెతుకుతూ కూర్చున్నాను. ఆనాటి మా జట్టులో మిగిలింది మేమిద్దరమే. ఇప్పుడు నేనొక్కణ్ణే.

యాభై ఏళ్ళ కిందట బందరులో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి అతను కెప్టెన్, నేను గోల్ కీపర్ని. మాకు ఏ చుట్టరికమూ లేదు. అయినా మొదటి రోజే "ఏం బావా" అని భుజం మీద చెయ్యేశాడు. అప్పటిదాకా దివిసీమ పొలాల్లో ఉత్త కాళ్ళతో ఆడినవాడికి కాలేజీ వాళ్ళిచ్చిన బూట్లు నెలరోజులు కరిచాయి. కుంటుతూనే ఆడాడు.

మా గ్రౌండులో సాయంత్రం నాలుగు దాటితే సముద్రపు గాలి తప్పదు. లాగి కొడితే బంతి ఒక పక్కకి కొట్టుకుపోయేది. మేము ఆట నేర్చుకున్నదే ఆ గాలిలో. గోలు స్తంభానికి కాస్త బయటగా గురిపెడితే గాలే దాన్ని లోపలికి తోసేది. పైఊరి జట్లకి ఆ కిటుకు అర్థమయ్యేలోపు ఆట అయిపోయేది. కెప్టెన్ మాత్రం గాలిని ఊరికే నమ్మేవాడు కాదు. ప్రతి ఫ్రీ కిక్ ముందూ వంగి గుప్పెట్లోకి కాస్త మట్టి తీసుకుని, భుజం ఎత్తు నుంచి మెల్లగా వదిలి, అది ఎటు పడుతుందో చివరిదాకా చూసేవాడు. మేము నవ్వితే, "మా అమ్మ ధాన్యం తూర్పారబట్టేముందు గాలిని అడుగుతుంది బావా. నేనూ అంతే" అనేవాడు.

ఆ ఏడాది కాలేజీల పోటీల్లో వరసగా గెలిచాం. గెలిచే జట్టులో గోల్ కీపరంత ఒంటరివాడు ఉండడు. బంతి నా వైపే వచ్చేది కాదు. అవతలి గోలు దగ్గర కేకలు, కౌగిలింతలు. ఇవతల నేనూ నా స్తంభాలూ. సగం ఆట అవగానే అందరూ నీళ్ళ దగ్గరికి పరిగెత్తేవారు. అతను మాత్రం ముందు నా దగ్గరికొచ్చి, నిమ్మకాయ ముక్క చేతిలో పెట్టి, "ఊసుపోవట్లేదా బావా?" అని అడిగేవాడు. ఆ మాట కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఫైనల్ గుడివాడలో జరిగింది. చివరి నిమిషాలు. ఒక్క గోలు వెనకబడి ఉన్నాం. గోలుకి దూరంగా మాకు ఫ్రీ కిక్ దొరికింది. నాకు ఆగడం చేతకాదు. గోలు వదిలేసి సగం గ్రౌండు దాకా పరిగెత్తుకొచ్చాను. కెప్టెన్ వంగి మట్టి తీశాడు. నేను గొంతు చించుకున్నాను.

"టైం లేదు బావా! ఇంకా చూసేదేముంది? గాలి మనదే! బయటికి పెట్టి కొట్టు!"

ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చేతిలో మట్టిని చూడకుండానే వదిలేసి కొట్టాడు. బంతి గురిపెట్టిన చోటికే, తిన్నగా, స్తంభానికి బయటగా పోయింది. ఆ సాయంత్రం గుడివాడలో ఆకు కూడా కదల్లేదు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి ఉంది. అయినా ఆ వేళకి గాలి ఉంటుందన్న అలవాటు నాచేత అలా అరిపించింది.

తిరుగు రైల్లో డ్రిల్లు మాస్టారు, "ఏమయ్యా, అంత గుడ్డిగా కొట్టావేం?" అని అడిగారు. "అంచనా తప్పిందండీ" అన్నాడు, అంతే. ఎదురుగా కూర్చున్న నేను కిటికీ వైపు తిరిగాను. కాలేజీలో అతనికి "గాలి కెప్టెన్" అని పేరు పెట్టారు. ఒకసారి ఎవరో అలా పిలిస్తే అందరితో పాటు నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత అతను సొంత ఊళ్ళోనే బడిపంతులయ్యాడు. కోతలయ్యాక పొలాల్లో పిల్లలకి ఆట నేర్పేవాడు. చాలా ఏళ్ళకి ఒకసారి వెళ్ళి, ఎలాగోలా ఆ మాట ఎత్తాను. సాగనివ్వలేదు. "కొట్టింది నా కాలు బావా. ఆ బంతి ఎప్పుడో బయటికి పోయింది. నువ్వింకా దాని వెంట పరిగెత్తడమేంటి? అన్నం తిను" అని చేపల పులుసు వడ్డించాడు. తినేసి వచ్చాను. నలుగురిలో చెప్పాల్సిన మాట అలాగే ఉండిపోయింది.

మంగళవారం ప్రార్థనలో పాస్టరు గారు, "ఎవరైనా రెండు మాటలు చెప్తారా?" అని అడిగారు. లేచాను. గుడివాడ సంగతంతా చెప్పాను. "ఆ తప్పు ఆయనది కాదండీ, నాది" అన్నాను. చర్చి నిండా జనం మర్యాదగా విన్నారు. వెనక వరసలో ఒకాయన పక్కనున్నాయన్ని, "ఏ మ్యాచండీ?" అని అడగడం వినిపించింది. ఆ పక్కాయన తెలియదని తల అడ్డంగా ఊపాడు. కూర్చున్నాను. క్షమించడానికైనా, తిట్టడానికైనా, ఆ ఆట చూసినవాడు ఒకడుండాలి కదా.

బయటికొచ్చాక వాళ్ళమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ఆ ఏడాది కథలన్నీ మాకు చెప్పేవారండీ. గుడివాడ దగ్గరికొచ్చేసరికి 'ఆ రోజు గాలి లేదమ్మా, అంతే' అనేవారు. మీరు అరిచారని ఎప్పుడూ అనలేదండీ" అంది.

సమాధి దగ్గర ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేసి పక్కకి జరుగుతున్నారు. నా వంతు వచ్చింది. వంగి మట్టి తీశాను. వెయ్యబోయి, ఎందుకో చెయ్యి భుజం దాకా ఎత్తి మెల్లగా వదిలాను. వెనక నుంచి ఎవరో, "తాతగారూ, కాస్త జరగండి" అన్నారు. జరగలేదు. సముద్రం అంత దగ్గరున్నా గాలి లేదు. మట్టి తిన్నగా పడుతోంది. ఆఖరి రేణువు పెట్టె మీద వాలేదాకా చూశాను.