ముక్కాయన చల్లటి సెంటు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ పేరు చెప్పి వీధిలో ఎవరినైనా అడిగితే వెర్రిమొహం వేస్తారు. ముక్కాయన కొట్టెక్కడ అంటే మాత్రం చేతిలో పని ఆపి మరీ దారి చూపిస్తారు. దర్జీ కొట్టుకు ఎదురుగా, ఇద్దరు లోపలికి వస్తే మూడో మనిషి గడప మీద నిలబడాల్సినంత ఇరుకు గది. గోడ నిండా సెంటు సీసాలు. ఒక్కదాని మీదా చీటీ ఉండదు.

చీటీ లేకపోవడం బద్ధకం కాదు, పొగరు. ముక్కున్నవాడికి చీటీ ఎందుకని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. ఆ ముక్కు కూడా అంత పొగరుకు తగినదే. గడప తొక్కిన మనిషి పొద్దున ఏ సబ్బు రుద్దుకున్నాడో చెప్పేసేది. ఒకసారి ఎదుటి దర్జీ మంచి చొక్కా వేసుకుని వస్తే, ఇది నీది కాదు, ఎవరో సిగరెట్లు తాగేవాడిదని నలుగురిలో అనేశాడు. దర్జీ సిగరెట్టు ముట్టడు. చంక కింద చిరిగితే కుట్టమని ఎవరో ఇచ్చిన చొక్కాను, కుట్టాక ఒక పూట తొడుక్కుని మురుస్తున్నాడు పాపం. ముక్కుసూటి మనిషి అని ఎవరెవరినో అంటాం గానీ, ఆ మాట అచ్చంగా చెల్లేది ఈయనకే.

అలాంటి ముక్కు ఒక జలుబుకు లొంగిపోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, జలుబు పోతూ పోతూ వాసనను వెంటబెట్టుకుని పోయింది. మల్లె సీసా మూత తీస్తే మంచినీళ్లు. గులాబీ మంచినీళ్లు. ఫినాయిల్ డబ్బా కూడా తెచ్చి చూసుకున్నాడు, అదీ మంచినీళ్లే. తన కొంప మునిగిందని ఆయనకు అప్పుడు అర్థమైంది. వాసన తెలియని మనిషి దగ్గర సెంటు ఎవరు కొంటారు? పైగా ఊళ్లో చీటీలు అంటించుకునే కొట్లన్నింటినీ వెక్కిరించిన నోరాయె, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

అందుకని చెప్పలేదు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. గుండ్రటి సీసా మల్లె, పొడుగు మెడది గులాబీ, నలుచదరంగా ఉన్నది గంధం అని ఆకారాలు వల్లె వేసుకుంటూ నెట్టుకొచ్చాడు. మూత తీసి, కళ్లు సగం మూసి, తల నెమ్మదిగా ఆడించేవాడు. ముక్కు పనిచేసిన రోజుల్లో ఇంత అందంగా ఎప్పుడూ వాసన చూడలేదు. కొట్టు మూశాక మాత్రం కుర్చీలో కూలబడి, రేపు ఎవరైనా కనిపెట్టేస్తారేమోనని భయపడేవాడు.

ఒక మధ్యాహ్నం పాత లెక్క ప్రకారం కొత్త సరుకు కలుపుతున్నాడు. దబ్బపండు తొక్క నూనె, నారింజ, కాస్త మరువం, అవన్నీ ఒంటి మీద నిలవడానికి చివర్లో గంధం. నలుచదరపు సీసా అందుకుని ధారాళంగా పోశాడు. కలిపి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ముక్కు లోపల చల్లగా తగిలింది.

మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తగిలింది. ఇన్నాళ్లూ మూసుకుపోయిన ఇంట్లో ఎవరో ఒక కిటికీ తీసినట్టు అనిపించింది. ఆయనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొట్టు వెనక గదే వాళ్ల కాపురం. అక్కడ భార్య బెండకాయలు తరుగుతోంది. గబగబా వెళ్లి సీసా ఆమె ముక్కు కింద పెట్టి, "చల్లగా ఉంది కదూ?" అన్నాడు.

ఆవిడ వాసన చూసింది. ఆయన మొహం చూసింది. ఏదో అనబోయి ఆగి, "బాగుంది" అని మళ్లీ కత్తిపీట మీదకు వంగింది.

ఆ సెంటుకు చల్లన అని పేరు పెట్టాడు. మగవాళ్లకా ఆడవాళ్లకా అని అడిగితే, చల్లదనానికి ఆడేమిటి, మగేమిటి అని కొట్టిపారేసేవాడు. అదేదో గొప్ప మాట అనుకుని ఇద్దరూ కొన్నారు. తంటా అక్కడే మొదలైంది.

బ్యాంకులో పనిచేసే ఒకావిడ, అది రాసుకుంటే తోటకు నీళ్లు పెట్టిన పొద్దుటిపూటలా ఉందనీ, కౌంటర్ ముందు ఎవరు విసిగించినా కోపం రావడం లేదనీ చెప్పింది. అదే సీసాలోంచి ఒకసారి రాసుకున్న ఆవిడ భర్త, ఆసుపత్రిలో ఎవరో సూది పట్టుకుని వెనకే నిలబడ్డట్టుందని, ఆవిడకు దూరంగా బల్లకు ఆ చివర కూర్చుని భోంచేస్తున్నాడు. మంగలి తన దగ్గర గడ్డం గీయించుకున్నవాళ్లకు అది రాయడం మొదలెట్టాడు. కొందరు కావాలని రెండోసారి వచ్చారు, కొందరు గడ్డాలు పెంచుకున్నారు. ముక్కాయన బావమరిది, గడియారాలు బాగుచేసేవాడు, పొద్దున రాసుకున్నప్పుడు, అప్పుడే కడిగిన బాత్రూములా ఉంది బావా అని మొహాన్నే చెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రం తేలు కుట్టిన దొంగలా వచ్చి, పోగా పోగా నారింజ తొక్క గోటితో గిల్లినట్టు అవుతోందని నసిగి, ఇంకో సీసా పట్టుకుపోయాడు.

మొత్తానికి వీధి రెండు పక్షాలైంది. ఒక పక్షం పరిమళం అంది, రెండోది వాసనొస్తోంది అంది. మన భాషలో వాసన అన్నది మంచి మాటే, దాని పక్కన వస్తోంది అని చేర్చారంటేనే తిట్టు. ఆ ఒక్క మాట మీద బస్సుల్లో సీట్లు కూడా మారాయి.

ముక్కాయన ఎవరి మీదా విసుక్కోలేదు. ఒకప్పుడైతే ముక్కు మీదే ఉండే కోపం ఏమైందోనని జనం ముక్కున వేలేసుకున్నారు. తిట్టినవాడిని కూడా కూర్చోబెట్టి, ముందు ఏం తగిలింది, నారింజ ఎప్పుడొచ్చింది, మరువం తెలిసిందా అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. పనిమంతుడి శ్రద్ధ అనుకున్నారు అందరూ. నిజానికి ఆయనకు ఆ చల్లదనం తప్ప ఇంకేమీ అందడం లేదు. మిగతాదంతా పక్కవాళ్ల ముక్కులతో చూసుకుంటున్నాడు. చల్లదనం వచ్చింది కాబట్టి మెల్లగా మల్లె కూడా వస్తుందని, రోజూ గుండ్రటి సీసా తెరిచి ఆశగా ఎదురుచూసేవాడు. ఆ గంధం సీసా ఎంత వాడినా అడుగంటకపోవడం కూడా మంచి శకునంలాగే తోచింది.

అంతలో దర్జీ వచ్చాడు. తన వెనక తలుపు దగ్గరకు వేసి, పెద్ద సీసా కావాలన్నాడు.

"నీకంత నచ్చిందా?" అని మురిసిపోయాడు ముక్కాయన.

"వాసన గొడవ నాకెందుకన్నా. పొద్దస్తమానం మిషను మీద వంగి వంగి మెడ పట్టేసేది. ఇది రాస్తున్నప్పటి నుంచి నొప్పి తీసేసినట్టు పోయింది. మా ఆవిడ నడుముకి కూడా కావాలంటోంది."

ముక్కాయన పకపకా నవ్వాడు. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది. నలుచదరపు సీసా వంక చూశాడు. జలుబుకు ముందు గంధం అయిపోయి, ఆ సీసాను తన చేత్తోనే ఖాళీల బుట్టలో పడేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత ఒకరోజు అది వంటింటి కిటికీలో కనబడింది. గంధం ఇక్కడెందుకుందని విసుక్కుంటూ తెచ్చి అరలో పెట్టేశాడు. ముక్కు ఉండి ఉంటే మూత తీయకుండానే తెలిసేది. చీటీ ఉండి ఉంటే ముక్కు లేకపోయినా తెలిసేది.

దర్జీని పంపించి వెనక గదిలోకి వెళ్లాడు. భార్య కాలు చాపుకుని, ఒక గిన్నెలోంచి తీసి మోకాలికి రాసుకుంటోంది. గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదే చల్లదనం. గూట్లో ఉన్న టూత్‌పేస్టు మూత తీశాడు. అక్కడా అదే. కిటికీ తెరుచుకోలేదు, బయట చలి మాత్రం సందులోంచి తగిలింది, అంతే. వాసన మొదటిసారి పోయినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు ఆయనకు.

గుట్టు ఇంకా ఎక్కడ దాస్తాడు? ఆమె పక్కన కూలబడ్డాడు.

"నా ముక్కు పోయిందే."

"తెలుసు" అంది ఆవిడ, నిమ్మకు నీరెత్తినట్టు మోకాలు రుద్దుకుంటూ.

ఆవిడే చెప్పుకొచ్చింది. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే ఆయన పొయ్యి పక్కనే కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకున్నాడట. అప్పుడే అనుమానం వచ్చింది. సెంటు చల్లగా ఉందన్న రోజున రూఢి అయింది. పుదీనా, జామాయిల్ ఆకు, కర్పూరం స్పిరిట్‌లో నానబెట్టి చేసుకున్న తన మోకాళ్ల మందును, ఖాళీల బుట్టలోంచి తీసి పోసుకున్న సీసాతో సహా తీసుకెళ్లి అందులో పోస్తే, వీధి వీధంతా తోట అన్నారు, ఆసుపత్రి అన్నారు, బాత్రూమన్నారు. వాసన సంగతి ఎత్తకుండా ఉత్తి చల్లగా ఉందన్నది ఆయన ఒక్కడే.

"మరి చెప్పొచ్చుగా?"

"ఆ రోజు మీ మొహం మీరు చూసుకోలేదు. చిన్నపిల్లాడిలా పరుగెత్తుకొచ్చారు. నాకు నోరు రాలేదండీ." మళ్లీ మోకాలు రుద్దుకుంటూ, "ఇంకా నయం, ఆ సీసా దానంతటదే నిండుతోందని నమ్మారు. ఇన్నాళ్లూ పోసింది ఎవరనుకున్నారు?" అంది.

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు, వీధిలో అందరినీ అడిగి ఈమెను మాత్రం సరిగ్గా అడగలేదని గుర్తొచ్చింది.

"నిజం చెప్పు. ఆ సెంటు నీకెలా ఉంది?"

"మోకాలి నొప్పిలా ఉంది" అంది ఆవిడ.

ఆయన మనసారా నవ్వేశాడు, ఆ ఇంట్లో అలా నవ్వి చాలా కాలమైంది. ఆ నవ్వుకు ఎదుటి కొట్టులో దర్జీ మిషను ఆపి చూశాడు.

మర్నాడు కొట్టు తెరవలేదు. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఒక్కో సీసా మూత తీసి చెప్పింది, ఆయన చీటీ రాసి అంటించాడు. మల్లె అని రాసి అంటించాడు. గుండ్రటి సీసాను ఊరికే ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ తగలక, దించేశాడు. ఆవిడ చూడనట్టే ఊరుకుంది. నలుచదరపు సీసా వంతు వచ్చేసరికి కలం ఆవిడే లాక్కుని, తనకు తోచింది రాసి అంటించింది.

ఆ వారంలో ఒక పెద్దింటి కోడలు వచ్చి చల్లన అడిగింది. ఎలా ఉంటుందంటే, వాసన సంగతి నాకు తెలీదమ్మా, లోపల మా ఆవిడ చెబుతుంది, నాకు తెలిసింది చల్లగా ఉంటుందని మాత్రమే అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆమె అది కూడా ఏదో గొప్ప మాటే అనుకుంది. ఇందులో ఏమేం కలుపుతారని అడిగితే సీసాలు వరసగా చూపించాడు. ఆమె చీటీలు చదువుకుంటూ వెళ్లి నలుచదరపు సీసా దగ్గర ఆగింది.

"మోకాళ్లు అంటే ఏ దేశపు పువ్వండీ?"

"పువ్వు కాదమ్మా" అన్నాడు ముక్కాయన. "మా ఆవిడవి."