తప్పిపోయింది నేను కాదు

కరోనా వచ్చిన ఏడు. మా యూనివర్సిటీ క్లాసులన్నీ లాప్‌టాప్‌లో దూరిపోయాయి. జర్మనీలోని క్లాస్తాల్‌లో ఓ పాత ఇంటి పై అంతస్తులో నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేటూ రోజంతా నైటీల్లో ఇంజనీరింగ్ చదివేవాళ్లం. కింద ఇంటావిడ ఉండేది. డెబ్బై దాటాయి. ఆవిడకో తుపాకీ, దానికి లైసెన్సూ, వేటంటే విసుగొచ్చేసిన ముసలి కుక్కా ఉన్నాయి.

ఊరు మూతపడినా అడవిపందులకు లాక్‌డౌన్ లేదు కదా. పొలాలు పెళ్లగిస్తున్నాయని వేటకు మాత్రం వెళ్లనిచ్చారు. ఆకులు రాలే రోజుల్లో ఓసారి ఇంటావిడ మెట్ల మీద ఎదురై, గోడకు అతుక్కుపోయి దూరం పాటిస్తూ, "నీ మొహం చీకట్లో మొలకెత్తిన బంగాళాదుంపలా ఉంది. రేపు నాతో అడవికి రా" అంది.

రూమ్మేటుకు చెబితే, "పందిని కొట్టుకొస్తవా ఏందే? మన కుక్కర్ల పట్టది మల్ల" అంది.

మర్నాడు మధ్యాహ్నం కారు కిటికీలన్నీ తెరిచి, మాస్కులు పెట్టుకుని, వణుకుతూ బయల్దేరాం. దారంతా ఆవిడ పాఠమే. "అడవిలో మనుషులు తెలివి తక్కువై చావరు, ఎక్కువై చస్తారు. నిన్ను మంచె ఎక్కిస్తాను, నేను వచ్చేదాకా దిగకు. దారి తప్పితే నడవకు. ఉన్నచోటే ఉండి ఈల ఊదు." దిగగానే తన మెడలోని ఈల తీసి నా మెడలో వేసింది. నాలాంటివాళ్లు ఇద్దరు పట్టే నారింజ రంగు కోటు తొడిగింది.

"మ్యాపు అక్కర్లేదాండీ?" అన్నాను.

"నా పెళ్లికి ముందునుంచీ ఈ అడవిలో తిరుగుతున్నాను. చెట్లే నాకు మ్యాపు."

చెట్లెక్కడివి? బెరడు తొలిచే పురుగు పట్టి ఎండిపోతే, కొట్టేసి లారీల్లో తరలించేశారు. గుట్టలకు గుండు కొట్టించినట్టుంది. మోకాలి నొప్పి వల్ల ఆవిడ ఆ వైపు వచ్చి చాలా కాలమైందట. ఓ క్షణం నిలబడి చూసింది. నన్ను మంచె ఎక్కించి, కుక్కను నిచ్చెన కింద పడుకోబెట్టి, పందులు బురదలో పొర్లే చోటు చూసొస్తానని వెళ్లింది.

కాసేపటికి పొగమంచు దిగింది. నిచ్చెన దాటితే ఏమీ కనబడటం లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పైగా బయల్దేరేముందు తాగిన రెండు గ్లాసుల టీ తన సంగతి చూడమంటోంది. దిగకూడదన్నారు కదా, కాళ్లు ముడుచుకు కూర్చున్నాను.

ఎడమవైపు ఎక్కడినుంచో ఆవిడ గొంతు వినబడింది. "ఎక్కడున్నావ్?"

"మంచె మీద!"

"లేవు! నేను మంచె దగ్గరికే వచ్చాను. నువ్వూ లేవు, మంచే లేదు!"

"మంచె నా కిందే ఉందండీ!"

"నిన్ను కదలొద్దన్నానా, లేదా?"

నాకొచ్చిన జర్మన్ అంతా ఆ తగువుకే ఖర్చయింది. చివరికి తెలుగులో, "అమ్మా తల్లీ, నేనెక్కడికీ పోలేదు, ఈల విని రా!" అని అరిచి ఊదడం మొదలుపెట్టాను. కుక్క తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. ఓ జింక మంచులోంచి వచ్చి, 'ఎవరే ఈ పిచ్చిది' అన్నట్టు నన్ను చూసి వెళ్లింది. తుపాకీ ఉన్న మనిషేమో కనుచూపు మేరలో లేదు.

ఆవిడ గొంతు కుడివైపుకు మారింది. తర్వాత సన్నబడింది. తర్వాత వినబడటం మానేసింది. అప్పుడు నాకు భయం వేసింది. ఆవిడకు ఆ మోకాలు, జారే నేల, పైగా ఈల నా మెడలో ఉంది. దిగి వెతుకుదామని నిచ్చెన మీద ఓ కాలు కూడా పెట్టాను. నేనూ పోతే ఇక ఊదేవాళ్లెవరని మళ్లీ పైకెక్కి, పెదాలు మొద్దుబారేదాకా ఊదాను.

మంచు కాస్త పలచబడ్డాక ఆవిడ నారింజ టోపీ కనిపించింది. మోకాళ్లదాకా బురద, చేతికి ఒకటే గ్లవుజు. అంత అలసటలోనూ ముందు తుపాకీ తెరిచి తూటాలు తీసేసింది. అప్పుడు నిచ్చెన మొదటి మెట్టు మీద కూలబడి, "ఇక్కడో వరస చెట్లుండాలి" అంది, పెరట్లో బట్టలు ఎవరో ఎత్తుకెళ్లినట్టు.

"పురుగు తినేసిందండీ."

"పురుగని నాకు తెలుసు!" అని కసిరి, ముక్కు తుడుచుకుంది. ఓదార్చాలనిపించింది. కానీ నా జర్మన్ అంతదూరం రాదు.

"ఇప్పుడు దిగొచ్చాండీ?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా, లారీలకు ఎక్కకుండా మిగిలిన దుంగల చాటుకు పరిగెత్తాను.

మర్నాడు పక్కింటాయన, మాస్కు ముక్కు కిందకి వేలాడుతుంటే, కంచె మీదుగా నాకో పాత దిక్సూచి అందించాడు. "పాపం, తప్పిపోయావటగా. ఆవిడ వెతికి పట్టుకొచ్చిందట."

ఇంటావిడ వాకిట్లో ఆకులు ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది.

"అవునండీ," అన్నాను. "కదలకుండా కూర్చుని మరీ తప్పిపోయాను."

"కొత్తవాళ్లకు అంతే," అని జాలిగా తలాడించి, ఉత్తరం ఎటుంటుందో చూపించసాగాడు.

పైన కిటికీలోంచి మా రూమ్మేటు మెడ చాచింది. "ఒసేయ్, నువ్వు తప్పిపోయినవా? నాకు జెప్పనే లేదు!"