ఆఫ్రికా అవ్వకు ఆకు

మహాలయ అమావాస్య నాడు మా ఇల్లు మా అత్తగారి రాజ్యం. కోయంబత్తూరులో మిక్సీలు, గ్రైండర్లు అమ్ముకునే మా అంగడికి ఆ రోజు సెలవు. పెద్దల పటాల ముందు మూడు అరిటాకులు వేస్తాం. మామగారికొకటి, ఆయన నాయనకొకటి, తాతకొకటి. మామగారి ఆకులో వడల పక్కన పొడుం డబ్బా కూడా ఉండి తీరాలి. బతికుండగా డాక్టరు మాన్పించిన పొడుం పోయాక దొరికిందని మా ఆయన ఎగతాళి.

ఆ మూడింటికీ వండేదీ వడ్డించేదీ అత్తగారే. ఆమె కన్నతల్లికి మాత్రం ఆకు లేదు. పుట్టింటి పెద్దలకు పుట్టింటి కొడుకులే పెట్టాలని మా వాళ్ల కట్టుబాటు. తేని ఊళ్లో పోయిన ఆ తల్లికి ఈమె ఒక్కతే సంతానం. ఇక పెట్టేదెవరు? కాకికి అన్నం వేసి వచ్చాక "మా అమ్మ యాడ ఆకలితో ఉండాదో" అంటారు అత్తగారు, ప్రతి ఏడూ. వింటే ఆ కట్టుబాటు మీద నాకు ఒళ్లు మండేది. "మనమే పెట్టేద్దాం అత్తా" అని ఒకసారి అన్నాను. "మొరై తప్పకూడదమ్మా, పద్ధతి పద్ధతే" అని నా నోరు మూయించారు.

పోయిన ఏడు, ప్లస్ టూ చదివే మా అమ్మాయి బయాలజీ పుస్తకంతో వంటింట్లోకి వచ్చింది.

"అవ్వా, మూడు తరాలకేనా? అంతకు ముందోళ్లకి ఎవరు పెడతారు?"

"ముందోళ్లంటే ఎవరు, కన్నూ?" అన్నారు అత్తగారు ముద్దుగా.

అడగడమే పాపమైంది. చెట్లు దిగి రెండు కాళ్ల మీద నడిచినవాళ్లు, రాళ్లు చెక్కినవాళ్లు, అందరినీ వరసగా దింపేసింది. నిప్పు చేతికొచ్చి మెత్తని తిండి తిని తిని మనిషి దవడ చిన్నదైపోయిందట. అమ్మకు జ్ఞానదంతం పట్టక పీకించింది అందుకేనని నన్ను సాక్ష్యంగా చూపించింది. నిప్పు ఎరగనివాళ్లకు చిలగడదుంప పచ్చిదే పెట్టాలట.

"కోతికి ఆకు వెయ్యమంటావేమే?"

"కోతి కాదవ్వా. కోతికీ మనకీ ఎప్పుడో ఒకే ముత్తవ్వ."

"అమావాస పూట ఏం మాటలే ఇవి!" అన్నారు గానీ అత్తగారికి నవ్వు ఆగలేదు.

అప్పుడు చెప్పింది మా అమ్మాయి అసలు సంగతి. మన కణాల్లో బుల్లి పొయ్యిలాంటిది ఒకటి ఉంటుందట. అది నాయన ఇచ్చేది కాదు, తల్లి ఇస్తేనే వస్తుంది. తల్లి, తల్లికి తల్లి అంటూ వెనక్కి పోతే ఇప్పుడున్న మనుషులంతా ఆఫ్రికాలో ఒక అవ్వ దగ్గర కలుస్తారట.

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. "మీ తాతకూ ఆమేనా?"

"తాతకూ, తాత వాళ్ల తాతకూ."

"అట్లయితే ఆమె ఈ ఇంటి పెద్దే గదా. ఆమెకు పెడితే మొరై తప్పదు."

"తప్పదవ్వా!"

"ఇంగ నాకు ఆ పొయ్యి ఇచ్చిందెవరు?"

"మీ అమ్మ."

"అంత దూరం నుంచి వచ్చినదాన్ని మోసి నా చేతికిచ్చింది. ఆఫ్రికా అవ్వకు పెట్టి, మోసినదాన్ని పస్తు పెట్టేది ఏం న్యాయం?"

అంటూనే ఆమే పెరట్లోకి వెళ్లి ఒక లేత ఆకు కోసుకొచ్చారు. నేను ఇన్నేళ్లుగా కదిలించలేని కొండ అది. కూతుర్ని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

"నాలుగో ఆకు ఎవరికమ్మా?" అన్నారు మా ఆయన.

"ఆఫ్రికా అవ్వకు. నువ్వు పోయి నీళ్లు పట్రా."

ఆయన నా వంక చూశారు. నేను పైకప్పు వంక చూశాను.

"మీ అమ్మకేం ఇష్టం అత్తా? చెప్పండి, చేస్తాను" అన్నాను.

"తెలీదమ్మా. ఇంట్లో అందరం తిన్నాక మిగిలింది తినేది. ఇది కావాలని ఎప్పుడూ అడగలా."

కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. పొగలు కక్కుతున్న అన్నం గిన్నె తీసుకుని మామగారి ఆకు దాటి, ఆయన నాయన ఆకు, తాత ఆకు దాటి, కొత్త ఆకు ముందు కూర్చున్నారు.

"ఈ ఒక్క దినమైనా అందరికన్నా ముందు తిననీ" అని మొదటి గరిటె అన్నం అందులో వడ్డించారు.