పదిహేను కలుపుకోవాలి

కాటాలు బాగుచేసే మేస్త్రి ఏ కొట్లో అడుగుపెట్టినా ముందుగా అనే మాట ఒకటే. "అనుమానం ముల్లు మీదేనండీ, మీ మీద కాదు." ఆ మాట అన్నాకే సంచిలోంచి ఇత్తడి తూకపు రాళ్ళు తీసి, గుడ్డతో తుడిచి, పళ్ళెంలో పెడతాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. కూరగాయల కొట్టుదైనా, నగల దుకాణందైనా, పరీక్షించకుండా ఏ ముల్లునూ నమ్మలేదు. ఒక్కదాన్ని మాత్రం నమ్మాడు. ఆ ఒక్కటీ ఏం చేసిందో ఆయన చెప్పగా విన్నదీ, మధ్యమధ్య వాళ్ళావిడ దిద్దినదీ కలిపి రాస్తున్నాను.

మేస్త్రికి సిగార్ల పిచ్చి. తాగుబోతు తాగినట్టు కాదు. వారానికి ఒకటి, ఆదివారం సాయంత్రం నాలుగింటికి, మేడ మీద, స్నేహితులతో. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక పొగాకు వ్యాపారి కాటా బాగుచేసి ఇస్తే, ఆయన సంతోషపడి రెండు మంచి సిగార్లు చేతిలో పెట్టాడట. ఒకటి తను వెలిగించుకుని, రెండోది కింది వాటాలో ఉండే టైలరుకిచ్చాడు. అది అయ్యేసరికి గంటంబావు పట్టింది. "పని లేకుండా అంతసేపు ఒకచోట కూర్చోవడం నా జన్మలో అదే మొదలు" అంటాడు మేస్త్రి.

తర్వాత లెక్కల మాస్టారు చేరాడు. మందుల షాపాయన చేరాడు, ఆయన్ని అందరూ బాబాయి అంటారు. బ్యాంకు గుమస్తా చేరాడు. చేతి నెమ్మది చూసి, అందరి సిగార్లూ దాచే పెట్టె బాధ్యత మేస్త్రికే అప్పగించారు. ఎవరు ఏ ఊరెళ్ళినా, ఇంట్లోవాళ్ళకు బట్టలు మరిచిపోయినా పెట్టెకు రెండు సిగార్లు మరిచిపోరు. దేవదారు చెక్క పెట్టె, లోపల మూడు అరలు, మూత కింద తడి స్పాంజి, పక్కన తేమ చూపే చిన్న గుండ్రటి మీటరు. సిగారుకు తేమ తక్కువైతే ఎండుటాకులా చిట్లుతుంది, ఎక్కువైతే ఉబ్బిపోతుంది. ముల్లు డెబ్బై దగ్గర నిలబడాలి. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఆయన చూసేది ఆ ముల్లునే.

ఇంకో ఆచారం కూడా ఉంది. సిగారు నడుముకు రంగుల కాగితపు పట్టీ చుట్టి ఉంటుంది కదా, దాన్ని చిరక్కుండా ఊడదీసి ఒక పెద్ద పుస్తకంలో అతికిస్తారు. దాని కింద ఎవరికివాళ్ళు రుచి గురించి ఒక్క వాక్యం రాయాలి. వేయించిన గింజల వాసన అని ఒకరు, వానకు తడిసిన తోలు అని ఒకరు. ఇప్పుడు నడుస్తున్నది మూడో పుస్తకం.

వాళ్ళావిడకు ఈ సంబరం ఎప్పుడూ నవ్వులాటే. "పేరు మార్చినంత మాత్రాన చుట్ట చుట్ట కాకుండా పోతుందా? మా తాతయ్య కాల్చిందీ ఇదే. ఆయన చెవి మీద పెట్టుకునేవాడు, మీరు పెట్టెలో పెడుతున్నారు" అంటుంది.

అయిదుగురిలో గుమస్తా నాలుగేళ్ళ కిందట సిగార్లు మానేశాడు. డాక్టరు వద్దన్నాడని పైకే చెప్పాడు. దానిదేముంది, ఊరికే వచ్చి కూర్చో అన్నారందరూ. రెండు ఆదివారాలు వచ్చాడు. అందరూ వెలిగించుకుంటుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. పుస్తకం అందరి చేతులూ తిరిగి, అతని దగ్గర ఆగకుండా పోయింది. మూడో ఆదివారం రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు, ఎందుకు రాలేదని కూడా ఎవరూ అడగలేదు. అతని కుర్చీ మడతపెట్టి మెట్ల గదిలో గోడకు ఆనించారు.

అందుకే ఎనిమిది నెలల కిందట అదే మాట తనకూ డాక్టరు చెప్పినప్పుడు మేస్త్రికి ముందుగా గుర్తొచ్చింది ఆ కుర్చీయే. దగ్గు వదలకపోతే వెళ్ళాడు. వారానికి ఒక్కటేనండీ అన్నాడు. ఆ ఒక్కటీ మానండి అన్నాడు డాక్టరు. మానేశాడు. మానడం ఏమంత కష్టం కాలేదట. చెప్పడమే కష్టమైంది. చెబితే తనూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చుంటాడు. మూడో ఆదివారానికి పెట్టె ఇంకొకరి ఇంటికి పోతుంది. పంతొమ్మిదేళ్ళ సాయంత్రాలు అక్కడితో సరి.

అంచేత చెప్పలేదు. ఆదివారం అందరిలాగే సిగారు కొస కత్తిరించేవాడు, అగ్గిపుల్ల గీసి అంచు ఎర్రబడేదాకా తిప్పేవాడు, నోటి దాకా తెచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు దించేసేవాడు. పీల్చని సిగారు దానంతటదే ఆరిపోతుంది. మళ్ళీ పుల్ల గీసేవాడు. పుస్తకం వస్తే పాత పుటల్లోంచి ఒక మాట ఇక్కడా ఒక మాట అక్కడా ఏరి రాసేవాడు. కిందికి దిగి చేతులు కడుక్కుంటుంటే వాళ్ళావిడ అనేది: "తాగినన్నాళ్ళు లేని భయం, తాగకపోతే పట్టుకుందేమిటండీ మీకు?"

ఇంతలో మీటరు అద్దం పగిలింది. సంగతి తెలిసి టైలరు కొత్తది కొనుక్కొచ్చాడు. ఇత్తడి చట్రం, తెల్లటి ముఖం, సన్నటి నల్ల ముల్లు. "నీ పెట్టెకు నా తరఫున, బావా" అని చేతిలో పెట్టాడు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. పాత మీటరునైతే మేస్త్రి మూడు నెలలకోసారి ఉప్పు పరీక్ష చేసేవాడు. సీసా మూతలో ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్ళతో తడిపి, మీటరుతో కలిపి గాజు జాడీలో మూసి ఒక రోజు ఉంచితే ముల్లు డెబ్బై అయిదు చూపాలి. కొత్తదానికి ఆ పరీక్ష చేయబుద్ధి కాలేదు. బావ ప్రేమగా ఇచ్చినదాన్ని ఉప్పులో కూర్చోబెట్టడం ఏం మర్యాద అనుకున్నాడు. అలాగే పెట్టెలో తగిలించాడు. ముల్లు యాభై అయిదు చూపించింది. అయ్యో, ఎండిపోతున్నాయే అనుకుని డెబ్బై వచ్చేదాకా స్పాంజికి నీళ్ళు పోశాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం పెట్టె మూత పట్టడం మానేసింది. తలుపుల చెక్క ఉబ్బితే ఎలా బిగుస్తుందో అలా. వాళ్ళావిడ దులపడానికి తీసి, మళ్ళీ మూయలేక ఆయన్ని పిలిచింది. మూత అంచు వేలితో తడిమి చూసి, వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాడు. మర్నాడు సాయంత్రం జాడీలో ముల్లు అరవై మీద నిలబడి ఉంది. పదిహేను తక్కువ చూపిస్తోంది. అంటే డెబ్బై అనుకున్నప్పుడల్లా పెట్టెలో ఉన్నది ఎనభై అయిదు.

పై అరలోంచి ఒక సిగారు తీసి కొస కత్తిరించి, వెలిగించకుండానే పీల్చి చూశాడు. గాలి రాలేదు. ఇంకోటి తీశాడు, రాలేదు. లోపలి ఆకులన్నీ ఉబ్బి, సీసాకు బిరడా కొట్టినట్టు బిగుసుకుపోయాయి. ఎంత గట్టివాడు పీల్చినా పొగ వచ్చే దారే లేదు. అప్పుడు గుర్తొచ్చింది. గత మూడు ఆదివారాలూ అందరికీ పంచింది ఆ అరలోవే.

గబగబా పుస్తకం తీశాడు. మొదటి ఆదివారం పట్టీ కింద లెక్కల మాస్టారి ముత్యాల్లాంటి అక్షరాలు: 'చివరి మూడో వంతులో తేనె.' టైలరు: 'పొగ పట్టులా జారుతోంది.' మేస్త్రి తనే రాసింది: 'వేయించిన గింజలు, ఆపైన కొంచెం తోలు.' బాబాయి మాత్రం 'కాస్త బిగువు' అని రాశాడు. రెండో వారం 'మరీ బిగువు.' మూడో వారం ఏమీ రాయకుండా సంతకం పెట్టాడు.

మంచం అంచున కూర్చుని మేస్త్రి ఆ మూడు పుటలూ మళ్ళీ మళ్ళీ చదివాడు. మాస్టారు ఆదివారమంతా ఆపకుండా మాట్లాడుతూనే ఉంటాడు, నోరు ఖాళీ ఎక్కడ? టైలరు సిగారు పట్టుకుని పిట్టగోడ దగ్గరికెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడతాడు, అందరికీ కనిపించేది వీపే. ఇన్నాళ్ళూ ఇది తట్టలేదేమిటి? తట్టకపోవడానికి కారణం కూడా తెలిసింది. తన దొంగతనం కనపడకుండా చూసుకోవడంలో ఎదుటివాళ్ళ వైపు చూసే తీరిక తనకు లేదు.

ఆదివారం నలుగురూ కూర్చున్నాక మేస్త్రి పెట్టె తెరవలేదు. ముందు తన సంగతి చెప్పాడు.

"నేను ఎనిమిది నెలలుగా తాగట్లేదు. డాక్టరు వద్దన్నాడు. వెలిగించినట్టు నటిస్తున్నాను. పుస్తకంలో రాసిందంతా అబద్ధం."

ఆ నిమిషంలో మెట్ల గదిలోని కుర్చీ కళ్ళ ముందు మెదిలిందట. తర్వాత పెట్టె తీసి తలా ఒకటీ ఇచ్చి, నిప్పు వద్దు, ఉత్తగా పీల్చి చూడండి అన్నాడు. ముగ్గురూ కొసలు కత్తిరించి పీల్చారు. బుగ్గలు లోపలికి పోయాయిగానీ గాలి రాలేదు. మేస్త్రి పుస్తకం తెరిచి, తేనె, పట్టు అన్న చోట వేలు పెట్టి మాస్టారి ముందుంచాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కిందటేడు కట్టుడు పళ్ళు పెట్టించుకున్నప్పటి నుంచీ సిగారు నోట్లో నిలబడట్లేదని, అది చెప్పుకోవడం నామోషీ అనిపించిందని ఒప్పుకున్నాడు. టైలరుది పద్నాలుగు నెలల లెక్క. కుట్టిన బట్టలకు పొగ వాసన వస్తోందని ఖాతాదారులు తిప్పి పంపారట.

"మరి చెప్పొచ్చుగా బావా" అన్నాడు మేస్త్రి.

"చెబితే నన్ను గుమస్తాను చేసేస్తారుగా" అన్నాడు టైలరు.

ఇంతసేపూ బాబాయి చేతిలోని సిగారును అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాడు. మెల్లిగా అడిగాడు: "అయితే లోపం దీనిలోనేనా?"

"దీనిలోనే. ముల్లు తప్పు చూపించింది, నేను నమ్మాను."

బాబాయి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "మూడు వారాలుగా నా ఊపిరితిత్తులు పోయాయనుకుంటున్నాన్రా. మీరంతా హాయిగా తేనె, పట్టు అని రాస్తున్నారు, నాకేమో ఎంత పీల్చినా పొగ రాదు. ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. నిన్ననే ఎక్స్‌రే తీయించుకున్నాను. మీ పిన్నికి కూడా చెప్పలేదు."

ఎక్స్‌రేలో ఏమొచ్చిందని ముగ్గురూ ఒకేసారి అడిగారు. డాక్టరు ఏమీ లేదన్నాడట. ఏమీ లేదనేసరికి ఇంకా భయమేసింది అన్నాడు. మాస్టారికి నవ్వాగక కట్టుడు పళ్ళు తీసి చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. ఆ నవ్వులు విని పైకొచ్చిన మేస్త్రి భార్య సంగతంతా విని, అంటే నేనిన్నాళ్ళూ కాఫీలు పట్టుకెళ్ళింది ఒక చుట్టకా అని అడిగి కిందికి దిగిపోయింది.

సంగతి అక్కడితో ఆగి ఉంటే మేస్త్రికి నిద్ర పట్టేదేమో కానీ పూర్తిగా పట్టేది కాదు. మర్నాడు మధ్యాహ్నం తూకపు రాళ్ళ సంచి భుజాన వేసుకునే బ్యాంకుకు వెళ్ళి, వరసలో నిలబడి, గుమస్తా కిటికీ దగ్గరికి రాగానే చెప్పాడు. "ఆదివారం రా. నాలుగేళ్ళు ఆలస్యంగా పిలుస్తున్నాను." వెనకనున్నవాళ్ళు గొణుగుతున్నా గుమస్తా కలం కింద పెట్టేశాడు. తర్వాత, "కుర్చీ ఉందా?" అని అడిగాడు.

ఉంది. మెట్ల గదిలోంచి తీసి, బూజు దులిపి వేశారు.

సిగార్లు మళ్ళీ దారిలో పడటానికి నెల పట్టింది. రోజుకు కాసేపు మూత తెరిచి, తొందరపెట్టకుండా ఆరబెట్టాడు మేస్త్రి. మొదటిది బాబాయి వెలిగించాడు. నిండుగా పొగ వచ్చింది. దాన్ని చూసి ఆయన మొహంలో కనిపించిన నిశ్చింత ఏ పుస్తకంలోనూ రాయలేం అంటాడు మేస్త్రి. మిగతా నలుగురూ వెలిగించకుండా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు, పట్టీలు ఊడదీస్తారు, ఇదెక్కడి ఆకు, ఎన్నేళ్ళు నిలవున్నది అని వాదించుకుంటారు. పుస్తకం అయిదుగురి దగ్గరా ఆగుతుంది. గుమస్తా రాసిన మొదటి వాక్యం: 'వాసన చూశాను. బాగుంది. నాలుగేళ్ళూ ఇలాగే ఉండేదా?'

మీటరు మార్చరా అని టైలరు ఎంత చెప్పినా మేస్త్రి వినలేదు. బావ ఇచ్చింది కదా అంటాడు. ఇప్పుడది అదే పెట్టెలో, అదే చోట ఉంది. అద్దం మీద మాత్రం ఒక చిన్న కాగితం ముక్క అతికించి, కాటాల మీద రాసే సన్నటి అక్షరాలతో 'పదిహేను కలుపుకోవాలి' అని రాశాడు.