తిరుమలయ్య జరిపిన కత్తి

బద్వేలులో కిరాణా అంగడి నడిపే తిరుమలయ్యకు ఒకటే జబ్బు. ఏ వస్తువునూ ఉన్నచోట ఉండనివ్వడు. టీకొట్టుకు పోతే గ్లాసులను ఎడమపక్కకు జరిపి వస్తాడు. బ్యాంకుకు పోతే దారంతో కట్టిన పెన్నును విప్పించి ఎడమపక్క కట్టిస్తాడు. ఇక పెళ్ళికి పోతే చెప్పనే అక్కర్లేదు. భోజనాల బంతిలో కొసన ఉన్న కుర్చీని గోడవారకు ఈడ్చి, వెంట వచ్చిన స్నేహితుడు టైలర్ శేషన్నను అందులో కూర్చోబెట్టి, పక్కనే తాను కూలబడి, "ఇప్పుడు బాగుండాది" అంటాడు. అతను గుమ్మంలో కనిపిస్తే చాలు, వడ్డించేవాళ్ళు కుర్చీలు గట్టిగా పట్టుకుంటారు.

ఆ జబ్బు సెల్‌ఫోన్‌లోకి కూడా పాకిందంటే తప్పు అతని అన్న కూతురు శిల్పదే. శిల్ప ఇంట్లో కూర్చునే హైదరాబాదులోని ఒక గేమ్ కంపెనీకి పనిచేస్తుంది. నలుగురు వీరులు జట్టుకట్టి రాక్షసులను చంపి కోటలు గెలిచే ఆట. అందులో బటన్లూ మెనూలూ ఆమె పని. ఆడేవాళ్ళు వేళ్ళు తిరగక మధ్యలోనే వదిలేస్తున్నారని, సోమవారంలోగా బాగుచేయకపోతే ఆటనే ఆపేస్తామని ఆఫీసువాళ్ళు తేల్చి చెప్పారు. ఆట పోతే ఉద్యోగమూ పోతుంది. కొత్తవాళ్ళ చేత ఆడించి చూద్దామని, ఈ సంగతంతా చెప్పి చిన్నాయన ఫోన్‌లో వేసిచ్చింది.

తెల్లారగానే ఫోన్.

"పాపా, ఆ కత్తి యాడ పెట్టినావు?"

"కుడిపక్క మూలన ఉండాది కదా చిన్నాయనా."

"ఎడమపక్కకు జరుపు."

"ఎడమపక్క నడిచే బటన్ ఉండాది. రెండూ ఒకే వేలికి వస్తే ఎట్లా?"

"రానీలే. నడిచినాకనే కదా నరికేది."

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్.

"మందు తీయాలంటే సంచి తెరవాల, దాంట్లో ఇంకో సంచి, దాంట్లో ఇంకోటి. ఆలోపల ఆ రాక్షసుడు మనల్ని తిని చెయ్యి కడుక్కుంటాండాడు. పైకి పెట్టు. ఎడమపక్క."

"సరే."

"ఇంకోటి. 'మందు లేదు' అని రాసినావే, అంగట్లో ఎవరన్నా ఆ మాట అంటారా? 'నిండుకుంది' అని రాయి. డాలును కూడా ఎడమపక్కకే తే."

"అన్నీ ఆపక్కే పెడితే కుడిపక్క ఏం పెట్టాల?"

"ఏదన్నా సీనరీ పెట్టుకో."

శిల్పకు తల తిరిగిపోయింది. ఎవరి బటన్లను వాళ్ళే కావలసిన చోటికి జరుపుకునేలా ఆటను మార్చి పడేసింది. ఆడేవాళ్ళ మీద ప్రేమతో కాదు, చిన్నాయన పోరు పడలేక.

సోమవారం ఆఫీసువాళ్ళకు ఆ మార్పే నచ్చింది. ఆట ఆపడం లేదన్నారు. ఆ మాట చెప్పడానికి శిల్ప మిట్టమధ్యాహ్నం స్కూటీ వేసుకొని అంగడికి వెళ్ళింది.

తిరుమలయ్య కందిపప్పు తూస్తున్నాడు. చేతిలో ఫోన్ లేదు. అది బియ్యం బస్తాల వెనక, బెల్లం అచ్చుకు ఆనించి ఉంది. దాని ముందు శేషన్న. కుడిచెయ్యి కండువా కింద ఒళ్ళో పడి ఉంది. ఎడమ బొటనవేలు మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

"మీరు ముగ్గురూ కోటలోకి పోండప్పా! ఈడ నేను అడ్డం నిలబడతాండా!" అని ఎక్కడెక్కడివాళ్ళకో ఆజ్ఞలిస్తున్నాడు.

తిరుమలయ్య గొంతు తగ్గించాడు. "బండి మీంచి పడినప్పటి సంది ఆ చెయ్యి లేస్తల్లేదు పాపా. బంతిలో ఎడమచేత్తో తింటే జనం చూస్తారని పెండ్లిళ్ళకు రానన్యాడు. గోడవారకు జరిపి, ఇటుపక్క నేను కూచుంటే ఎవురికి కనపడతాది? ఈ ఆటలో ఐతే ఆ అడ్డం కూడా అక్కరలేదు. యా చెయ్యో ఎవురికీ తెలీదు. నాకు చెప్పినట్లు వానికి మాత్రం చెప్పొద్దు, దీన్ని ఆపేస్తారని."

గ్లాసులూ, బ్యాంకు పెన్నూ, గోడవార కుర్చీ శిల్ప కళ్ళముందు వరసగా కదిలాయి. చిన్నాయన మీద ఆమెకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

"ఆపడం లేదు చిన్నాయనా. ఆట ఉంటుంది," అని బస్తాల వైపు తిరిగి, "శేషన్న మామా, బాగుందా ఆట?" అంది.

"ఉండు పాపా, వీడు చచ్చేటట్టుండాడు!" అన్నాడు శేషన్న, తల ఎత్తకుండా.

శిల్ప బస్తాల వెనక్కి పోయి, ఆ రాక్షసుడు చచ్చేదాకా ఆట చూసి నవ్వుతూ బయటికొచ్చింది. మండే ఎండలో పెట్టిన స్కూటీ పెట్టినచోట లేదు. ఆమె ఎవరినీ అడగలేదు. చుట్టూ చూసి నీడ ఎక్కడుందో అక్కడికి నడిచింది. స్కూటీ అక్కడే ఉంది.